కణాల ఫొటోల నుంచి కొలతలు: ఫిజీ, క్యూపాత్, సెల్‌ప్రొఫైలర్, సెల్‌పోజ్‌లలో ఎవరికి ఏది?

మైక్రోస్కోప్‌తో తీసిన ఫొటోలను కంప్యూటర్ చేత లెక్క కట్టించాలనుకునే పరిశోధక విద్యార్థులు మొదట అడిగేది "ఏ సాఫ్ట్‌వేర్ మంచిది?" అనే. జవాబు చెప్పే ముందు నేను వాళ్లను ఒక్క వాక్యం రాసి తెమ్మంటాను: ఈ ఫొటోలోంచి నాకు కావలసిన సంఖ్య ఏమిటి? "కణాలు ఎలా మారాయో చూడాలి" అని రాస్తే చాలదు. "మందు వేశాక కేంద్రకం వైశాల్యం పెరిగిందా", "నూరు కణాల్లో ఎన్ని విభజన దశలో ఉన్నాయి", "ఈ ప్రోటీన్ కేంద్రకంలో ఎంత ఉంది, బయట ఎంత ఉంది" అన్నంత స్పష్టంగా ఉండాలి. ఆ వాక్యం తేలితే సగం ఎంపిక అయిపోయినట్టే. లెక్కపెట్టడం, వెలుగును కొలవడం, ఆకారాన్ని కొలవడం మూడూ వేర్వేరు పనులు. ఒకదానికి చక్కగా పనికొచ్చే ప్రోగ్రామ్ మరోదానికి అక్కరకు రాకపోవచ్చు.

తొందరలో ఉన్నవారికి నా అభిప్రాయం ముందే చెబుతాను. పదుల సంఖ్యలో ఫొటోలు, మామూలు కొలతలు అయితే ఫిజీ. స్లైడ్ మొత్తాన్ని స్కాన్ చేసిన కణజాలమైతే క్యూపాత్. 96 లేదా 384 గుంటల ప్లేట్ల నుంచి వేలకొద్దీ ఫొటోలు వస్తుంటే సెల్‌ప్రొఫైలర్. కణాలు ఒకదానికొకటి అతుక్కుపోయి, మామూలు పద్ధతులతో విడిపోకపోతే స్టార్‌డిస్ట్ లేదా సెల్‌పోజ్. ఇవన్నీ ఉచితంగా దొరికేవే. డబ్బు పెట్టి కొనక తప్పని సందర్భాలు తక్కువ, వాటి సంగతి చివర్లో చెబుతాను.

ముందు ఫొటో సంగతి

ఫొటో తీసేటప్పుడు పోయిన వివరాన్ని ఏ ప్రోగ్రామూ తిరిగి తేలేదు. అందుకే సాఫ్ట్‌వేర్ వెతకడానికి ముందు ఒక చిన్న లెక్క వేసుకోండి. మీ కెమెరా పిక్సెల్ 6.5 మైక్రాన్లు అనుకుందాం, పరిశోధనశాలల్లో వాడే చాలా కెమెరాలది ఇదే కొలత. 20 రెట్ల ఆబ్జెక్టివ్ (నమూనా వైపు ఉండే లెన్స్) వేస్తే నమూనా మీద ఒక్కో పిక్సెల్ 0.325 మైక్రాన్ల మేర చూస్తుంది. ఆ ఆబ్జెక్టివ్ న్యూమరికల్ అపెర్చర్ (లెన్స్ వెలుగును ఎంత విశాలంగా పోగుచేస్తుందో చెప్పే సంఖ్య) 0.75 అయితే, ఆకుపచ్చ వెలుగులో అది విడదీసి చూపగల కనీస దూరం దాదాపు 0.42 మైక్రాన్లు. పిక్సెల్ అందులో సగాన్ని, అంటే 0.21ని మించకూడదు. మన పిక్సెల్ 0.325, అంటే లెన్స్ చూపిస్తున్న వివరంలో కొంత కెమెరా దగ్గరే పోతోంది. అదే 40 రెట్ల, 0.95 అపెర్చర్ ఆబ్జెక్టివ్ అయితే విడదీయగల దూరం సుమారు 0.33, పిక్సెల్ 0.1625. సరిగ్గా కుదిరింది.

అయితే ఎప్పుడూ 40 రెట్లే వాడాలా అంటే, వద్దు. మనిషి కణాల కేంద్రకం అడ్డంగా పది మైక్రాన్ల దరిదాపుల్లో ఉంటుంది. దాన్ని లెక్కపెట్టడానికి 0.325 మైక్రాన్ల పిక్సెల్ చాలినంత కంటే ఎక్కువే. పైగా 20 రెట్లలో ఒక్కో ఫొటోలో నాలుగింతల విస్తీర్ణం దొరుకుతుంది, కాబట్టి అదే సమయంలో నాలుగింతల కణాలు చూస్తారు. లెక్కకు 20 చాలు, కొన్నిసార్లు 10 కూడా చాలు. మైటోకాండ్రియా ఆకారం, కణంలోని చుక్కల సంఖ్య వంటివి కావాలంటేనే 40, 60 దాకా వెళ్లండి.

వెలుగు తీవ్రతను కొలిచేవారికి మరో మాట. 8 బిట్ల ఫొటోలో ఉండేవి 256 మెట్లు, 12 బిట్లలో 4,096, 16 బిట్లలో 65,536. తీవ్రతే మీ కొలత అయితే 12 బిట్లకు తగ్గవద్దు. అన్నిటికంటే ఎక్కువ మెరిసే నమూనాను ముందు పెట్టి, ఒక్క పిక్సెల్ కూడా పైమెట్టుకు తగలకుండా ఎక్స్‌పోజర్ కుదుర్చుకోండి. ఆ తర్వాత ఆ ప్రయోగం పూర్తయ్యేదాకా దాన్ని మార్చకండి. ఆటో ఎక్స్‌పోజర్ ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే మందు వేసిన కణాలు మసకబారినా కెమెరా వాటిని వెలిగించి, మీరు వెతుకుతున్న తేడానే చెరిపేస్తుంది. జేపెగ్‌లో దాచకండి, ఫైలు చిన్నది చేయడానికి అది పిక్సెళ్ల విలువలను మార్చేస్తుంది. టిఫ్ లేదా మైక్రోస్కోప్ కంపెనీ సొంత ఫార్మాట్ ఉంచుకోండి.

ఇక యంత్రం ఎంపిక. పలుచగా పరుచుకున్న కణాలను లెక్కపెట్టే పనికి కాన్ఫోకల్ మైక్రోస్కోప్ కోసం వారాల తరబడి వరసలో నిలబడేవారిని చూస్తుంటే బాధ కలుగుతుంది. కాన్ఫోకల్ గొప్పతనమంతా మందమైన కణజాలంలో పైనా కిందా ఉన్న మసకను తీసేయడంలో ఉంది. ఒకే పొరగా పెరిగిన కణాలకు మామూలు ఫ్లోరసెన్స్ మైక్రోస్కోప్ చాలు, వేగం కూడా ఎక్కువ.

స్లైడ్ స్కానర్ మాటకొస్తే, దాని అసలు లాభం పక్షపాతాన్ని తగ్గించడం. చేత్తో ఫొటోలు తీసేటప్పుడు కన్ను తెలియకుండానే అందమైన చోటికి, రంగు బాగా పట్టిన చోటికి పోతుంది. స్కానర్ స్లైడ్ మొత్తాన్నీ తీస్తుంది, ఎంచుకునే పని ఉండదు. ఖర్చు మాత్రం స్కానర్‌తో ఆగదు. 15 మిల్లీమీటర్ల చదరపు కణజాలాన్ని పిక్సెల్‌కు 0.25 మైక్రాన్ల చొప్పున స్కాన్ చేస్తే పొడవూ వెడల్పూ 60,000 పిక్సెళ్ల చొప్పున, మొత్తం 360 కోట్ల పిక్సెళ్లు. రంగుల ఫొటో కాబట్టి పిక్సెల్‌కు మూడు బైట్లు, కుదించకముందు దాదాపు 11 గిగాబైట్లు. కుదించి దాచినా వంద స్లైడ్ల అధ్యయనానికి విడిగా డిస్కులు, వాటి నకళ్లు, నెట్‌వర్క్ అన్నీ కావాలి. బడ్జెట్ రాసేటప్పుడే ఈ లెక్క చేర్చండి.

ఫిజీ: అందరూ నేర్చుకోవలసింది

అమెరికాలోని జాతీయ ఆరోగ్య సంస్థల్లో పనిచేసిన వేన్ రాస్‌బాండ్ 1997లో మొదలుపెట్టిన ఇమేజ్‌జే దీనికి మూలం. దానికి ముందు, 1987లోనే, ఆయన మెకింటాష్ కంప్యూటర్ల కోసం ఇలాంటిదే ఒకటి రాశారు. ఇమేజ్‌జేకి జీవశాస్త్రానికి కావలసిన ప్లగిన్లన్నీ జోడించి కట్టిన మూట ఫిజీ. ఇందులో ఉండే బయో-ఫార్మాట్స్ అనే భాగం 150కి పైగా ఫైలు ఫార్మాట్లను తెరుస్తుంది. మరే ప్రోగ్రామ్ వాడినా, ఫొటో తెరిచి పిక్సెల్ విలువలు చూసుకోవడానికైనా ఇది మీ కంప్యూటర్‌లో ఉండాల్సిందే.

డీఎన్‌ఏకు అంటుకునే డాపీ అనే రంగుతో నీలంగా మెరిసే కేంద్రకాల లెక్కనే తీసుకోండి. ముందు నేపథ్యపు వెలుగు తీసేస్తారు. కొద్దిగా మసక చేసి పిక్సెళ్ల గరుకుతనం తగ్గిస్తారు. తర్వాత థ్రెషోల్డ్, అంటే ఈ విలువకు పైన ఉన్నది కేంద్రకం, కింద ఉన్నది ఖాళీ అని గీత గీయడం. ఆ గీతను ఎక్కడ గీయాలో ఫొటోలోని వెలుగు విలువల పంపిణీని బట్టే తేల్చే ఒట్సు పద్ధతి 1979 నాటిది, ఇప్పటికీ నమ్మకంగా పనిచేస్తోంది. అతుక్కున్న కేంద్రకాలను వాటర్‌షెడ్ అనే పద్ధతి విడగొడుతుంది. చివరకు ఎనలైజ్ పార్టికల్స్ నొక్కితే పట్టిక వస్తుంది. ఆ పట్టికతో సంతృప్తి పడకుండా ఫొటోను పెద్దది చేసి గీతలు చూడండి. చిక్కుడు గింజ ఆకారంలో ఉన్న ఒక్క కేంద్రకాన్ని వాటర్‌షెడ్ రెండు చేసి ఉంటుంది. ఒకదాని మీద ఒకటి పడిన మూడింటిని ఒకటిగానే వదిలేసి ఉంటుంది. కణాలు ఎంత ఒత్తుగా ఉంటే ఈ తప్పు అంత పెరుగుతుంది. మీ మందు కణాల సాంద్రతనే మార్చేదైతే, ఈ తప్పు రెండు గుంపుల్లో సమానంగా ఉండదు, ఫలితాన్నే వంచేస్తుంది.

ఫిజీలో నాకు అన్నిటికంటే నచ్చినది మాక్రో రికార్డర్. మీరు నొక్కిన ప్రతి మెనూనూ అది వరసగా రాసిపెడుతుంది. ఆ రాత ఉంటే రేపు ఇంకొకరు అదే పని అదే విధంగా చేయగలరు. ప్రమాదం కూడా ఇక్కడే పొంచి ఉంది: ఒక్కో ఫొటోకు థ్రెషోల్డ్ స్లైడర్‌ను చేత్తో జరుపుతూ పోవడం. ఏది మందు వేసిన స్లైడో తెలిసిన మనిషి చేయి ఎంత నిజాయితీపరుడిదైనా ఒక పక్కకే జరుగుతుంది. అన్ని ఫొటోలకూ ఒకటే నియమం, అదీ ముందుగానే రాసిపెట్టుకున్నది వాడండి.

వందల ఫొటోలకు కూడా మాక్రోతో నెట్టుకురావచ్చు. స్కాన్ చేసిన స్లైడ్ మొత్తాన్ని మాత్రం ఫిజీలో తెరవాలని చూడకండి.

క్యూపాత్: కణజాలం ఉన్నవారికి

బెల్‌ఫాస్ట్‌లోని క్వీన్స్ విశ్వవిద్యాలయంలో పీట్ బ్యాంక్‌హెడ్ మొదలుపెట్టిన ఈ ప్రోగ్రామ్ 2016లో బయటికొచ్చింది, ఇప్పుడు ఎడిన్‌బరోలో పెరుగుతోంది. అంత పెద్ద ఫైలులో తెరమీదికి కావలసిన ముక్కను మాత్రమే చదువుతుంది కాబట్టి మామూలు ల్యాప్‌టాప్‌లోనూ స్లైడ్ తెరుచుకుంటుంది.

రొమ్ము క్యాన్సర్ కణజాలంలో కేఐ-67 (విభజన చెందే కణాల్లో కనిపించే ప్రోటీన్) శాతం కావాలనుకోండి. విభజన దశల్లో ఉన్న కేంద్రకాలు గోధుమ రంగులో, మిగిలినవి హెమటాక్సిలిన్ అనే రంగు ఇచ్చే నీలంలో ఉంటాయి. రెండు రంగులను విడదీసే గణితాన్ని రైఫ్రాక్, జాన్‌స్టన్ 2001లో ప్రచురించారు. క్యూపాత్‌లోనూ ఫిజీలోనూ అది ఉంది. క్యూపాత్ మీ స్లైడ్ రంగులకు తగ్గట్టు దాన్ని సరిచేసుకుని, కణాలను గుర్తించి, గోధుమా నీలమా అని తేలుస్తుంది. అక్కడితో ఆగితే తప్పు లెక్క వస్తుంది. కణితి మధ్యలో చేరిన లింఫోసైట్లు (రోగనిరోధక కణాలు) కూడా విభజన చెందుతూ గోధుమ రంగులో కనిపిస్తాయి, అవి కణితి కణాలు కావు. అందుకే కొన్ని కణితి కణాలను, కొన్ని లింఫోసైట్లను, కొంత పీచు కణజాలాన్ని మీరే చూపించి ప్రోగ్రామ్‌కు తేడా నేర్పాలి. మడత పడిన చోట్లు, చచ్చిపోయిన కణజాలం, గాలి బుడగ చిక్కిన అంచులు ముందే గీత గీసి తీసేయాలి. ఈ పనిలో పక్కన పాథాలజిస్టు ఉండి తీరాలి. వారు లేకుండా నేర్పిన వర్గీకరణను నేను నమ్మను.

గోధుమ రంగు విషయంలో ఒక హద్దు గుర్తుంచుకోండి. అది ఉందా లేదా అన్నది బాగా చెబుతుంది. రంగు రెట్టింపు ముదిరితే ప్రోటీన్ రెట్టింపు అయినట్టు కాదు, ఎంజైమ్ చర్యతో పేరుకున్న ఆ రంగుకు అంత సూటి లెక్క లేదు. పరిమాణం కొలవాలంటే ఫ్లోరసెన్స్‌కు వెళ్లండి.

క్యూపాత్ పరిశోధన కోసం మాత్రమే, రోగ నిర్ధారణకు కాదు. రోగికి రిపోర్టు ఇచ్చే పనికి నియంత్రణ సంస్థల ఆమోదం ఉన్న వ్యవస్థలే వాడాలి. అమెరికాలో స్లైడ్ స్కాన్ చూసి మొదటి నిర్ధారణ చేయడానికి తొలి అనుమతి 2017లో ఫిలిప్స్ వ్యవస్థకు వచ్చింది. కాలవ్యవధిలో కదిలే కణాలకు, మందమైన త్రిమితీయ నమూనాలకు కూడా క్యూపాత్ తగదు.

సెల్‌ప్రొఫైలర్: అదే పని మళ్లీ మళ్లీ చేసేవారికి

బోస్టన్ ప్రాంతంలోని వైట్‌హెడ్ ఇన్‌స్టిట్యూట్, ఎంఐటీలలో ఆన్ కార్పెంటర్, థౌయిస్ జోన్స్ కలిసి తయారుచేసిన ఇది 2005 నుంచి అందుబాటులో ఉంది. కోడ్ రాయక్కరలేదు. పనులను ఒకదాని కింద ఒకటి పేర్చుకుంటూ పోతారు: ముందు కేంద్రకాలు కనుక్కో, వాటి నుంచి బయటికి విస్తరించి కణపు హద్దులు పట్టుకో, రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే కణద్రవ్యం. పైప్‌లైన్ అనే ఆ వరసను ఫైలుగా దాచి వేల ఫొటోల మీద నడపవచ్చు, పక్క ల్యాబ్‌కు పంపవచ్చు.

మొదటి రెండు రోజులు ఫిజీ కంటే కష్టంగా అనిపిస్తుంది, ఫొటోల పేర్లూ గుంటల నంబర్లూ కుదుర్చుకోవడంలోనే ఓపిక పోతుంది. అయినా అదే ప్రయోగం వచ్చే ఏడాది కూడా చేయబోతుంటే ఫిజీ మాక్రోల బదులు దీన్నే నేర్చుకోమంటాను. ఏ గుంట నుంచి ఏ సంఖ్య వచ్చిందో ఎప్పటికీ తప్పిపోదు.

దీని బలం ఎంతో చూడాలంటే, కణభాగాలకు వేర్వేరు రంగులు వేసి కొలిచే సెల్ పెయింటింగ్ పద్ధతి చూడాలి. ఆరు రంగులు, ఐదు చానెళ్లు, ఎనిమిది కణభాగాలు. ఒక్కో కణానికి సుమారు 1,500 కొలతలు. మందుల పరిశోధనలో ఇది చాలా ఉపయోగపడుతోంది. కానీ ఒకే ప్రశ్న ఉన్నవారు ఈ వందల కొలతల్లో చేపలు పట్టడం మొదలుపెడితే, ఏదో ఒకటి కాకతాళీయంగా తేడా చూపిస్తుంది. ఏ కొలతను చూడబోతున్నారో ప్రయోగానికి ముందే రాసిపెట్టుకోండి.

ఇక్కడే ఇలాస్టిక్ గురించి క్లుప్తంగా. హైడెల్‌బర్గ్‌లో పుట్టిన ఈ ప్రోగ్రామ్‌లో ఫొటో మీద బ్రష్‌తో "ఇది పీచు, ఇది కణం, ఇది ఖాళీ" అని గీస్తే మిగతా పిక్సెళ్లను అదే రంగుల్లో నింపుతుంది. వెలుగులో తేడా లేక, అల్లికలో మాత్రమే తేడా ఉన్నచోట థ్రెషోల్డ్ చేతులెత్తేస్తే దీన్ని పట్టుకోండి. దీని ఫలితాన్ని ఫిజీలోకో సెల్‌ప్రొఫైలర్‌లోకో తీసుకెళ్లి కొలతలు పూర్తిచేయవచ్చు.

స్టార్‌డిస్ట్, సెల్‌పోజ్: నేర్చుకుని వచ్చినవి

2015లో జర్మనీలోని ఫ్రైబర్గ్ నుంచి వచ్చిన యూ-నెట్ అనే న్యూరల్ నెట్‌వర్క్ తర్వాత కణాల హద్దులు గీసే పని స్వరూపమే మారింది. 2018లో వచ్చిన స్టార్‌డిస్ట్ ప్రతి కేంద్రకాన్నీ సైకిల్ చక్రంలా చూస్తుంది: మధ్య నుంచి అన్ని దిక్కులా చువ్వలు వేసి, అంచు ఎంత దూరంలో ఉందో అంచనా కడుతుంది. గుండ్రటి కేంద్రకాలు ఎంత ఒత్తుగా ఉన్నా చక్కగా విడదీస్తుంది. ఫిజీలో ప్లగిన్‌గా, క్యూపాత్‌లో ఎక్స్‌టెన్షన్‌గా దొరుకుతుంది కాబట్టి కొత్త ప్రోగ్రామ్ నేర్చుకునే పని లేదు. కొమ్మలు చాచిన నాడీకణాలకూ, మెదడులోని రక్షణ కణాలైన మైక్రోగ్లియాకూ ఇది పనికిరాదు, ఆ ఆకారాలు దాని ఊహలోనే లేవు.

అమెరికాలోని జనీలియా పరిశోధన కేంద్రంలో కార్సెన్ స్ట్రింగర్, మారియస్ పకితారియు బృందం 2020లో తెచ్చిన సెల్‌పోజ్‌కు అంతటి ఆకార నియమం లేదు. కణం మొత్తం హద్దు కావాలంటే మొదట దీన్నే ప్రయత్నించండి. నాలుగో వెర్షన్‌కు ముందున్నవి వాడుతుంటే కణం వ్యాసం ఎన్ని పిక్సెళ్లో సరిగ్గా ఇవ్వడం మరవకండి. మొదటి ఫలితం నిరాశ కలిగించిన చాలా సందర్భాల్లో లోపం అక్కడే ఉంటుంది. 2022 నాటి రెండో వెర్షన్‌తో, ప్రోగ్రామ్ గీసిన హద్దులను మీరు దిద్దుతూ, ఒకటి రెండు వందల కణాలతోనే మీ నమూనాకు తగ్గట్టు తిరిగి నేర్పడం వీలైంది. మంచి గ్రాఫిక్స్ కార్డు ఉంటే నిమిషాల్లో అయ్యే పని, లేకపోతే గంటలు పట్టవచ్చు.

ఈ రెండింటినీ ఎంచుకునేవారు ఒక విషయానికి సిద్ధపడాలి. థ్రెషోల్డ్ తప్పితే ఫొటో చూడగానే తెలిసిపోతుంది. వీటి తప్పు అందంగా ఉంటుంది. చెత్త ముక్క చుట్టూ కూడా నిజమైన కణానికి గీసినంత నున్నటి గీత గీస్తాయి. ఒట్సు గీతతో పని జరిగే ఫొటోలకు వీటిని తేవద్దని నేను చెప్పేది అందుకే. తప్పు ఎక్కడ జరిగిందో మీ కంటికి కనిపించే పద్ధతుల్లో అతి సరళమైనదాన్ని ఎంచుకోండి.

దేన్ని ఎంచుకున్నా చేయవలసిన పరీక్ష

రెండు గుంపుల నుంచీ యాదృచ్ఛికంగా కొన్ని ఫొటోలు తీసి, పేర్లు దాచి, ఇద్దరు మనుషుల చేత విడివిడిగా కణాలను గుర్తింపజేయండి. ముందు ఆ ఇద్దరి మధ్య ఎంత తేడా ఉందో చూడండి. మనుషులిద్దరూ ఏకీభవించనిచోట ప్రోగ్రామ్‌ను తప్పు పట్టలేం. తర్వాత ప్రోగ్రామ్‌తో పోల్చండి, మొత్తం సంఖ్యతో కాకుండా ఒక్కో కణాన్నీ పోల్చాలి. ఫొటోలో వంద కేంద్రకాలుంటే ప్రోగ్రామ్ కూడా వంద అందనుకోండి. అందులో పన్నెండు నిజమైనవి తప్పిపోయి, పన్నెండు చెత్త ముక్కలు చేరి ఉంటే? మొత్తం సరిపోయింది, కానీ సగటు వైశాల్యం, సగటు వెలుగు రెండూ పాడయ్యాయి. ఈ పరీక్షను మందు వేసిన గుంపుకూ వేయని గుంపుకూ వేర్వేరుగా చేయండి, అసలు గుట్టు అక్కడే బయటపడుతుంది.

గణాంకాల దగ్గర జరిగే పొరపాటు ఇంకా పెద్దది. మూడు ఎలుకల నుంచి మూడు వేల కణాలు కొలిస్తే నమూనాల సంఖ్య మూడే, మూడు వేలు కాదు. ఒకే ఎలుక కణాలు ఒకదానికొకటి స్వతంత్రం కావు. ఆటోమేషన్ వచ్చాక కణాల సంఖ్య లక్షల్లోకి వెళ్లింది, దాంతో పనికిమాలిన తేడా కూడా గొప్ప తేడాగా కనిపించే ప్రమాదం పెరిగింది. ఒక్కో జంతువుకు ఒక్కో సగటు తీసి పోల్చడం సురక్షితమైన మార్గం.

మూల ఫైళ్లను చెరపకుండా దాచడం కూడా ఎంపికలో భాగమే. 2016లో ఎలిసబెత్ బిక్, సహచరులు 20,621 పరిశోధన పత్రాలను పరిశీలిస్తే 3.8 శాతం పత్రాల్లో అనుమానించదగ్గ బొమ్మలు కనిపించాయి. మీ బొమ్మ మీద ప్రశ్న వస్తే జవాబు చెప్పేది మూల ఫైలు, దానితోపాటు ప్రోగ్రామ్ వెర్షన్ నంబరు, మాక్రో లేదా పైప్‌లైన్ ఫైలు. ఫొటోలో తెలియకుండా మార్పు చేసే, చేసిన పనిని నమోదు చేయని ఏ సాఫ్ట్‌వేర్‌నైనా, ఎంత తేలికగా అనిపించినా, పక్కన పెట్టండి.

డబ్బు పెట్టి కొనవలసినప్పుడు

త్రిమితీయ నమూనాల్లో కణాలను కాలంతోపాటు వెంటాడి చూడాలంటే ఇమారిస్ ఇచ్చే సౌకర్యం ఉచిత ప్రోగ్రాముల్లో అంత సులువుగా దొరకదు. పెద్ద పాథాలజీ విభాగంలో చాలామంది ఒకేసారి వందల స్లైడ్ల మీద పనిచేస్తూ, ఇబ్బంది వస్తే ఫోన్ ఎత్తే మనిషి కావాలనుకుంటే హాలో, విజియోఫార్మ్ వంటివి చూడవచ్చు. ఒక్క విద్యార్థి సిద్ధాంత గ్రంథం కోసమైతే కొనవద్దు. ఏటేటా కట్టవలసిన లైసెన్స్ ప్రాజెక్టు నిధులు అయిపోయిన రోజున ఆగిపోతుంది, ఆ తర్వాత సొంత ఫలితాలనే తిరిగి తెరవలేని పరిస్థితి వస్తుంది.

కొనక తప్పదనుకుంటే, డెమో చూపించడానికి వచ్చినవారు తెచ్చిన ఫొటోల మీద నిర్ణయం తీసుకోకండి. మీ ల్యాబ్‌లోని స్లైడ్లలో రంగు సరిగ్గా పట్టనిది, మడత పడింది, కణాలు కిక్కిరిసింది ఏరి వారి చేతికివ్వండి. వచ్చిన ఫలితాన్ని మీరు ముందే చేత్తో లెక్కపెట్టి ఉంచిన సంఖ్యల పక్కన పెట్టి చూడండి. కొలతలు మామూలు సీఎస్‌వీ ఫైలుగా, గీసిన హద్దులు వేరే ప్రోగ్రామ్ తెరవగలిగే రూపంలో బయటికి వస్తాయో లేదో అక్కడే, వారి ముందే పరీక్షించండి.